పెరుగుల కొండ

మాచర్లకు ఎగువన, కృష్ణ రెండు కొండల వరసల మధ్య ఇరుక్కుని పారే చోట, ఒక కొండ ఉంది. సర్కారు మ్యాపులో దాని పేరు పెరుగుల కొండ. పూర్వం అక్కడ గొల్లలు పెరుగు తోడుపెట్టి కుండలకు కుండలు కిందికి దించేవారని మీకెవరైనా చెబితే నమ్మకండి. ఆ కొండ మీద పెరుగు ఏనాడూ లేదు. పెరుగు కోసం మొహం వాచిపోయిన ఆఫీసరు ఒకాయన మాత్రం దాని చుట్టుపక్కల ఒక సీజనంతా తిరిగాడు. ఆయన కింద పనిచేసిన వాళ్ళలో నేనొకణ్ణి.

సర్వేలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నరసరావుపేటలో మా ఇంటికి వస్తుంటారు. విమానంలోంచి ఫోటోలు తీసి మ్యాపులు గీసే కాలం వాళ్ళది. "అప్పట్లో ఎట్లా చేసేవారండీ, పాపం!" అంటారు. పాపం అనాల్సిన పనేమీ లేదు నాయనా. మేము నవ్వుకున్నంతగా మీరు నవ్వుకోవడం లేదని నా అనుమానం. మీకోసమే ఇది రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ ఉండదు. ఇలాంటివి రాసేవాళ్ళు మర్యాద కోసం పేర్లు దాస్తుంటారు. నాకు ఇంకో కారణం కూడా ఉంది, చదివితే మీకే తెలుస్తుంది.

అవి యుద్ధం ఆఖరు రోజులు. కిరసనాయిలు దొరకదు, పంచదార దొరకదు, దొరికిన బియ్యంలో సగం రాళ్ళు. అటువంటి రోజుల్లో, కృష్ణకు ఎక్కడో ఆనకట్ట కడతారట, ముందు ఆ లోయను మ్యాపు గీయాలట అని మమ్మల్ని పంపారు. మాచర్లలో రైలు దిగాక కొంత దూరం ఎడ్లబండి. ఆ తర్వాత బండి పోదు. సామాను నెత్తిన పెట్టుకుని కూలీలు ముందు నడిస్తే మేము వెనక. ఏటి ఒడ్డున పుట్టి తోలే వాళ్ళవీ చేపలు పట్టేవాళ్ళవీ కొన్ని గుడిసెలుండేవి. వాటి పక్కనే మా డేరాలు. ఎటు చూసినా నల్లటి బండలు, ముళ్ళ కంపలు, వాటి మీద కాలిపోతున్న ఆకాశం. ఏటికి అవతల నైజాం. అవతలి ఒడ్డు జాలర్లు ఇవతలి వాళ్ళతో అరిచి మాట్లాడుకునేవారు. పెళ్ళి సంబంధాలు కూడా అట్లా అరిచే కుదుర్చుకున్నారని విన్నాను, చూడలేదు.

మా ఆఫీసరు తంజావూరు వైపు మనిషి. తెలుగు పుస్తకాలు చదివి నేర్చుకున్నాడు. కూలీలతో కూడా గ్రాంథికంలోనే మాట్లాడేవాడు. "ఓయీ, ఆ పేటికను ఇచ్చటికి తెమ్ము" అంటే కూలీకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, కానీ దణ్ణం పెట్టాలనిపించేదట. మనిషి బంగారం. మాకు చలిజ్వరం వస్తే తన వాటా క్వినైను మాకే పోసేవాడు. ఆయనకు ఒకే ఒక్క బలహీనత, పెరుగన్నం. అక్కడ మేకపాలు తప్ప ఏమీ దొరికేవి కావు. భోజనం చివర ఆయన ఖాళీ కంచం వైపు చూసే చూపు నాకిప్పటికీ గుర్తే. చచ్చిపోయిన బంధువును తలచుకుంటున్నట్టు ఉండేది.

రెండో మనిషి నా సహోద్యోగి, తెనాలి వైపు కుర్రాడు. నా కంటే ఏడాది ముందు చేరాడు కాబట్టి నేను అన్నా అనేవాణ్ణి. అన్నకు శుభ్రత పిచ్చి. అడవిలో కూడా తలకు నూనె రాసి పాపిడి తీయందే డేరాలోంచి బయటికి రాడు. గీత గీస్తే వెంట్రుకంత సన్నగా ఉండాలి. ఎండ తగిలితే కాగితం సాగుతుంది, సాగితే కొండ జరుగుతుంది అంటూ, పని చేసినంతసేపూ బల్ల మీద నల్ల గొడుగు పట్టించేవాడు. అతని దగ్గర పనిచేసే వాళ్ళు సర్వే అంటే గొడుగు పట్టడమే అనుకునేవారు.

మా పద్ధతి తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. మూడు కాళ్ళ మీద ఒక బల్ల, దాని మీద కాగితం. దూరాన ఒక మనిషి జెండా పట్టుకుని నిలబడతాడు. బల్ల మీద చూపుబద్ద పెట్టి, అందులోంచి జెండాను చూసి, ఆ దిక్కుకు గీత గీస్తాం. ఇంకో చోట నుంచి ఇంకో గీత. రెండూ కలిసిన చోట ఆ జెండా ఉన్నట్టు. జెండా మనిషి జెండాను అటూ ఇటూ ఊపాడంటే, సిద్ధంగా ఉన్నాను, చూసుకో అని అర్థం. ఈ జెండా ఊపే సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

గీతలు అయ్యాక పేర్లు. ఏ కొండకు, ఏ వాగుకు ఏ పేరని ఊళ్ళో ఇద్దరిని విడివిడిగా అడగాలి. ఇద్దరూ ఒకటే చెబితే రాసుకోవాలి. మా ఆఫీసరు ఈ విషయంలో చండశాసనుడు. "నామము లేని కొండ తల్లిదండ్రులు లేని బిడ్డ" అనేవాడు.

ఏటి ఎగువ భాగం పని అన్న వంతు, దిగువ భాగం నా వంతు. అన్నను ఏట్లో తిప్పడానికి ఒక పుట్టి మనిషిని కుదిర్చాం. వెదురు బుట్ట అల్లి, తోలు బిగించి చేసిన గుండ్రటి పడవను అక్కడ పుట్టి అంటారు. ఆ మనిషి నల్లగా, పొడుగ్గా, చానా తక్కువ మాట్లాడేవాడు. అందరూ పుట్టి మామ అనేవారు కాబట్టి మేమూ అట్లాగే పిలిచాం. ఆయనకు వేరే పేరుంటుందని మా డేరాల్లో ఎవరికీ తోచలేదు. ఆయన భార్యను అత్తా అనేవాణ్ణి. అత్త మాత్రం ఆయన మాట్లాడని మాటలన్నీ కలిపి మాట్లాడేది.

ఒకరోజు అన్న ఎగువనున్న కొండ ఒకదాన్ని గీసి వచ్చాడు. ఏటి మీదికి వంగినట్టుండే పెద్ద కొండ. మగవాళ్ళంతా చేపల వేటకు పోయారు, అన్నను ఒడ్డున దించి పుట్టి మామ కూడా అటే పోయాడు. గుడిసె ముందు చేపలు ఎండేస్తున్న అత్తను అడిగాడు, దాని పేరేమిటని. అత్త ఏదో చెప్పింది, కాస్త సిగ్గుపడిందట కూడా. అన్న ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొచ్చి ఆఫీసరు ముందు పెట్టాడు. ఆఫీసరు ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

"పెరుగుల కొండ!"

ఆయన మొహం చూడాలి. ఎన్నో నెలల తర్వాత సొంత ఊరి మనిషి కనిపించినట్టు వెలిగిపోయింది. అన్న ఏదో చెప్పబోయాడు గానీ ఆయన వినే స్థితిలో లేడు. రెండో సాక్ష్యం తానే సేకరిస్తానని చెప్పులేసుకుని బయలుదేరాడు. మేకలు కాసే ముసలి గొల్లాయన ఒకడు ఎదురయ్యాడు.

"తాతా, ఇచ్చట పెరుగు దొరకు స్థలము కలదా?"

"పెరుగా? గొల్లోళ్ళు మందలు తోలుకొచ్చే బయలు ఉండాది గదయ్యా, ఆ పక్క. కార్తీకంలో ఐతే చానా దొరుకుద్ది. ఇప్పుడేడ దొరుకుద్ది, ఎండలకి గొడ్లే లేకపాయె."

పెరుగు ఉంది అన్నాడు, ఆ పక్క అన్నాడు. ఆఫీసరుకు అది చాలు. రెండో సాక్ష్యం కుదిరిపోయింది. ఆ రాత్రి భోజనం దగ్గర, "మజ్జిగ సైతము లభింపని చోట పెరుగుల కొండ! ఇది గదా విధి" అని ఆయన నిట్టూర్చాడు. మేము పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆ రోజు నుంచి క్యాంపులో అందరి నోటా అది పెరుగుల కొండే.

పని అనుకున్నట్టు తెమల్లేదు. సగం మందికి జ్వరాలు. రోళ్ళు పగిలే ఎండ పోయి కార్తెలు మారినా మేమింకా అక్కడే ఉన్నాం. కొద్ది ముక్క మిగిలింది, అది కూడా ముగించి పోదామని ఆఫీసరు పట్టుదల. ఆ ఉదయం అన్న ఫలహారం చేస్తూ, "ఇవాళ పెరుగుల కొండ కింద, ఏట్లో నడిమి బండ మీద బల్ల వేస్తాను సార్. అక్కణ్ణుంచి రెండు ఒడ్లూ కనిపిస్తాయి" అన్నాడు. అతని దగ్గర పనిచేసే మనిషికి జ్వరం. గొడుగు నేను పడతాలే అన్నాడు పుట్టి మామ. ఇద్దరూ పుట్టిలో ఎగువకు పోయారు.

పొద్దు బాగా ఎక్కాక మాచర్ల నుంచి తలారి ఒకడు రొప్పుకుంటూ వచ్చాడు. రైలు స్టేషనుకు తంతి వచ్చిందట. పైన ఎక్కడో కుండపోతగా వానలు, ఏరు లేచి వస్తోంది, లోయలో ఎవరూ ఉండొద్దు అని. మాకు నెత్తిన చుక్క వాన లేదు. ఆకాశం అద్దంలా ఉంది. అదే ప్రమాదం. ఆ లోయలో కొత్తనీళ్ళు మెల్లగా పెరగవు, గోడ లేచినట్టు వస్తాయి. నడిమి బండ మునిగితే దాని మీద ఉన్న మనిషికి పుట్టి కూడా పనికిరాదు.

ఆఫీసరు మొహంలో నెత్తురు లేదు. "పోయి వారిని తీసుకొని రమ్ము. వెంటనే పొమ్ము" అన్నాడు నాతో. ఏటి ఒడ్డునే నడిచి పోదామంటే దారి లేదు, కొండలు నిట్టనిలువుగా నీళ్ళలోకి దిగుతాయి. పైకెక్కి, కొండల వెనక నుంచి పోయి, సరైన కొండ దగ్గర కిందికి చూడాలి. ఏ కొండో తెలియాలి. ఆ ఎగువ భాగం నేను ఒక్కసారి కూడా చూడలేదు. అన్న గీసిన కాగితం అన్న దగ్గరే, ఏటి మధ్యలో, గొడుగు కింద ఉంది. నాకు తెలిసిందల్లా పేరు.

జెండా ఒకటి అందుకుని, ఇద్దరు కూలీలను వెంటబెట్టుకుని గుడిసెల్లోకి పరిగెత్తాను. ఎదురుగా ఆ ముసలి గొల్లాయనే. "పెరుగుల కొండ ఏదయ్యా తాతా?" అన్నాను. "కొండ కాదబ్బాయ్, అది బయలు. నేను చూపిత్తా రా" అని ఏటికి పూర్తిగా ఎడంగా పోయే దారి పట్టాడు. నాకు అనుమానం రాలేదు. పేరు కుదిరింది, దారి చూపే మనిషి కుదిరాడు, అంతే.

గుడిసెలు దాటుతుండగా అత్త కేకేసింది.

"ఏంది అబ్బాయ్, అంత గబగబా యాడికి?"

"పెరుగుల కొండకు అత్తా. మామా, మా అన్నా దాని కింద ఏట్లో ఉన్నారు. కొత్తనీళ్ళు వస్తున్నాయంట."

అత్త చేతిలో చేపల బుట్ట జారిపోయింది. "ఏట్లో ఉంటే అటు పోతారేంది? అటు కొండే లేదు గదా!"

"పెరుగుల కొండ..."

"పెరుగుల కొండేంది? అట్టాంటి కొండ యాడా లేదు."

"అదేందత్తా! మా అన్న అడిగితే నువ్వే చెప్పావంట గదా."

అత్త తన నోటి మీద తనే కొట్టుకుంది. "ఓరి నాయనో! పెరుగు గాదయ్యా! పేరుగల కొండ అన్నా! పేరుగల కొండ!"

పిల్లలూ, ఇది మీకు వివరించాలి. భర్త పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఆ రోజుల్లో ఆడవాళ్ళ భయం. ఆ గుడిసెల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ కొండ మీద ఒక రాతి దేవుడున్నాడు, కొండకూ ఆయన పేరే. ప్రతి ఇంట్లో మొదటి మగబిడ్డకూ ఆయన పేరే పెడతారు. దాంతో మా అత్తకు అది భర్త పేరు, ఇంకొకావిడకు మామ పేరు, మరొకావిడకు బావ పేరు. కన్నకొడుకును కూడా మామగారి పేరని తల్లి నోరారా పిలవలేదు, పెద్దోడా అని ఊరుకుంటుంది. ఇక కొండ సంగతి రావాల్సి వస్తే, ఆయన పేరుగల కొండ అంటారు. అది కాస్తా ఇంగ్లీషు అక్షరాల్లో పడి, దీర్ఘం పోగొట్టుకుని, తంజావూరు నోట్లో పెరుగు అయి కూర్చుంది.

"ఓర్నీ, ఆ కొండా!" అని గొల్లాయన అసలు పేరు చెప్పేశాడు. అత్త అప్పటికే కొంగు నడుముకు బిగించింది. "పేరు సంగతి తర్వాత. నా ఎనకమాల రాండి" అని ఏటి వైపు దారిలో పడింది. ఆ ఎండలో, ఆ బండల మీద, చెప్పుల్లేని కాళ్ళతో ఆమె పోతుంటే బూట్లు వేసుకున్న నేను అందుకోలేకపోయాను.

కొండ అంచు చేరి కిందికి చూశాం. లోయ అడుగున ఏరు, ఏటి మధ్య నడిమి బండ, బండ మీద నల్ల గొడుగు. గొడుగు కింద బల్ల, బల్ల మీదికి వంగి మా అన్న. పుట్టి మామ గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. ఎండ ఎటు ఉందో అటు గొడుగు వంచాడు కాబట్టి ఆయన వీపు ఎగువ వైపు ఉంది. లేకపోతే ఆయనకు తెలియనిదేముంది, నీళ్ళ రంగు చూసే చెప్పేవాడు. మేమున్న చోటు నుంచి ఎగువన మలుపు కనిపిస్తోంది. మలుపులో నీళ్ళు ఎర్రబడ్డాయి.

నా దగ్గరున్న జెండా తీసి ప్రాణం పెట్టి ఊపాను. అన్న తలెత్తి చూశాడు. సంతోషంగా చెయ్యి ఊపాడు. తర్వాత వంగి, చూపుబద్దను నా వైపు తిప్పి, నా జెండాకు గీత గీయడం మొదలుపెట్టాడు!

నేనేం చేసేది? మా భాషలో జెండా ఊపడమంటే చూసుకో అనే. పారిపో అని చెప్పడానికి మాకు ఏ గుర్తూ లేదు. ఇంకా గట్టిగా ఊపితే, తమ్ముడు ఇవాళ మంచి హుషారుగా ఉన్నాడనుకుని ఇంకా శ్రద్ధగా గీశాడు. అతను గీస్తున్నంతసేపూ నేను ఏడుస్తూ ఊపుతూనే ఉన్నాను. ముగ్గురం కలిసి అరిచాం. గొల్లాయన చెప్పిన పేరు పట్టుకుని నేనూ కూలీలూ గొంతు చించుకున్నాం. పుట్టి మామకు వినిపించింది. వినిపించి, ఉండండి ఉండండి వస్తాం అన్నట్టు చెయ్యెత్తి మళ్ళీ గొడుగు సర్దుకున్నాడు. మగ గొంతులు ఆ పేరుతో ఆయన్ను పొద్దస్తమానం పిలుస్తూనే ఉంటాయి. ఏటి అవతలి నుంచి, ఇవతలి నుంచి, చుట్టకు నిప్పు కావాలన్నా సరే. అందులో తొందరేముంది?

అత్త నా పక్కన బిగుసుకుపోయి నిలబడింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఆమె ఏం తూచుకుంటోందో నాకప్పుడు తెలియదు, తర్వాత ఆమే చెప్పింది. పిలిస్తే ఆయుష్షు తగ్గుద్ది, పిలవకపోతే మనిషే పోతాడు. ఎర్రనీళ్ళు మలుపు దాటాయి. అత్త రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, తన పెళ్ళైన నాటి నుంచి ఒక్కసారి కూడా పలకని ఆ పేరును లోయలోకి కేకేసింది.

అవతలి కొండ ఆ పేరును తిరిగి పలికింది. ఇవతలి కొండ మళ్ళీ పలికింది. అది ఆ కొండ పేరు కూడా కదా.

కింద గొడుగు పడిపోయింది. పుట్టి మామ ఒక్క ఊపున లేచి నిలబడ్డాడు. మళ్ళీ కేకేసింది అత్త, ఏడుస్తూ. ఆయన ఏమిటని అడగలేదు, ఎందుకని చూడలేదు. తన పెళ్ళాం నోటి నుంచి తన పేరు వచ్చిందంటే భూమి తల్లకిందులై ఉండాలి. ఆయనకు తెలిసింది అంతే. మా అన్నను నడుం పట్టి ఎత్తి పుట్టిలో పడేశాడు. అన్న బల్ల పలకను కాగితంతో సహా పసిపిల్లను హత్తుకున్నట్టు హత్తుకున్నాడు. దాని మూడు కాళ్ళూ, టిఫిను క్యారియరూ, గొడుగూ బండ మీదే మిగిలిపోయాయి. పుట్టి గిరగిరా తిరుగుతూ మా ఒడ్డుకు కొట్టుకొచ్చి, రాళ్ళ సందులో ఇరుక్కుంది. వాళ్ళు ఇంకా పైకి పాకుతుండగానే ఏరు గర్జించుకుంటూ వచ్చింది. మళ్ళీ చూసేసరికి నడిమి బండ లేదు. నల్ల గొడుగు ఒక్కటే కాసేపు నీళ్ళ మీద తిరిగి పోయింది.

పుట్టి మామ పైకి వచ్చీ రాగానే అత్త భుజాలు పట్టుకున్నాడు. "ఎవురు సచ్చారే?"

"ఎవురూ సావలా" అంది అత్త. ఇక అక్కడే కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. అన్న పలక చంకలో పెట్టుకుని నా దగ్గరకు వచ్చి, "నీ జెండా గీత మాత్రం బ్రహ్మాండంగా వచ్చిందిరా" అన్నాడు. నేను కొట్టబోయి, కావలించుకున్నాను.

క్యాంపుకు వచ్చాక ఆఫీసరు వాళ్ళిద్దరినీ నిమిరి నిమిరి చూశాడు. మనుషులు దక్కారని నమ్మకం కుదిరాకే బల్ల కాళ్ళు ఏమయ్యాయని అడిగాడు. అందరం తేలికపడ్డాం, అత్త తప్ప. ఆమె డేరా బయట మట్టిలో కూర్చుంది, అన్నం ముట్టలేదు. "పిలిచానయ్యా. ఒక్కసారి గూడా గాదు, మళ్ళీ గూడా పిలిచా. ఆయనకేదన్నా ఐతే ఆ పాపం నాదే గదా" అని మళ్ళీ మళ్ళీ అంటోంది. పుట్టి మామ పక్కన కూర్చుని, "నాకేం గాదులేవే" అనడం తప్ప ఏం చేయాలో తెలియక చుట్ట నలుపుతున్నాడు. మేము నచ్చజెప్పబోయాం. చదువుకున్న కుర్రాళ్ళ మాట అటువంటి విషయాల్లో ఎవరు లెక్కచేస్తారు?

ఆఫీసరు బయటికి వచ్చాడు. నిష్ఠ గల మనిషి, నొసట విభూతి. ఆమె ఎదురుగా తానూ మట్టిలోనే కూర్చున్నాడు. కోర్టులో జడ్జీలా గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నేనడుగుదును, తాము సత్యము చెప్పవలెను. తాము పిలిచినది భర్తనా, పర్వతమునా?"

అత్తకు అర్థం కాలేదు. నేను అందుకున్నాను, "నువ్వు పిలిచింది మామనా, కొండనా అంటున్నారత్తా."

అత్త కన్నీళ్ళ మధ్య ఆయన వైపు చూసింది. 

"పర్వతము బదులు పలికినదా?" అన్నాడాయన.

"పలికింది" అన్నారు కూలీలు. "రెండు పక్కలా పలికింది."

"పిలిచినవారికి బదులు పలికినది పర్వతము. కనుక తాము పిలిచినది పర్వతమునే. నడుమ ఈయన ఏల పరుగెత్తుకొని వచ్చెనో నాకు తెలియదు" అని పుట్టి మామ వైపు కోపంగా చూశాడు. అంతే, కూలీలు గొల్లున నవ్వారు. మామ కూడా నవ్వాడు. అత్త కొంగుతో మొహం తుడుచుకుని, "కొండనేనండి నేను పిలిచింది" అంది, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. ఆ పూట అన్నం తిన్నది.

మర్నాడు పేరు దిద్దాలి. పెరుగు కథ బయటపడ్డాక ఊరుకునే మనిషి కాడు కదా మా ఆఫీసరు. కాగితం పరిచి, పెన్సిలు చెక్కుకుని, అసలు పేరు ఏమిటని నన్నూ అన్ననూ అడిగాడు. చెప్పాం. రాయబోయి ఆగాడు. డేరా బయట అత్త ఇంకో ఆవిడకు నిన్నటి కథ చెబుతోంది. ఆ ఇంకో ఆవిడకు అది మామగారి పేరు. ఇద్దరూ పేరు లేకుండానే, ఆ కొండ, అదే ఆ కొండ అని కథంతా నడిపిస్తున్నారు.

ఆయన కాసేపు విన్నాడు. "అసలు పేరు వ్రాసినచో పురుషులకు దారి తెలియును" అన్నాడు. "వారికి ఎట్లును తెలియును. ఈ కొండకు స్త్రీలు పలుకగలిగిన పేరు ఒకటి ఉండవలదా?"

పెన్సిలు కింద పెట్టేశాడు. పేరుగల కొండ అనే అక్షరాలు కాగితం మీద అట్లాగే ఉండిపోయాయి. మద్రాసులో అచ్చయ్యాక అందరూ ఆయనలాగే పెరుగుల కొండ అని చదివారు. ఆ గుడిసెల్లో ఆడవాళ్ళు కూడా ఆ పేరే ఖాయం చేసుకున్నారని తర్వాత విన్నాను. ఏ సంకోచమూ లేకుండా దూరం నుంచే, "పెరుగుల కొండ కాడికి పోయాడా మీ ఆయన?" అని అరిచి అడిగేవారట. ఆ పని చేసిన మనిషి అరవంలో ఆలోచించి, గ్రాంథికంలో మాట్లాడి, పెరుగు కోసం అల్లాడిన మా ఆఫీసరు. ఆయనంటే నాకు ఎంత ఇష్టమో ఆయనకెప్పుడూ చెప్పలేదు. మా కాలంలో పై అధికారికి అట్లాంటివి చెప్పేవాళ్ళం కాదు.

ఆ తర్వాత ఎక్కడెక్కడో తిరిగాను. ఆనకట్ట నిజంగానే వచ్చింది. మేము గీసిన లోయ, ఆ గుడిసెలు, నడిమి బండ అన్నీ నీళ్ళ కిందికి పోయాయి. కొండ నెత్తి మాత్రం ఇప్పటికీ బయటే ఉంది. ఉద్యోగం ముగిశాక ఒకసారి మాచర్ల వెళ్ళాను. పునరావాసం కింద కట్టిన కాలనీ ఒకటుంది, అక్కడ వాకబు చేస్తే దొరికారు, ఇద్దరూ. పుట్టి మామకు చెవుడు వచ్చింది, తక్కిన మనిషంతా దిట్టంగానే ఉన్నాడు. ఆయుష్షు తగ్గిన లక్షణాలు నాకేమీ కనిపించలేదు. అత్త నన్ను గుర్తుపట్టి, కూర్చోమని మంచం వాల్చి, గ్లాసులో చిక్కటి మజ్జిగ పోసింది. మా ఆఫీసరును తలచుకుని ఆ గ్లాసు ఖాళీ చేశాను.

మామ అప్పుడు మాట్లాడని మాటలన్నీ ఇప్పుడు మాట్లాడుతున్నాడు. "ఇది పిలిచింది సూడయ్యా ఆ రోజు. ఆ పిలుపు ఇంకా ఇక్కడే ఉండాది" అని చెవి చూపించాడు. "ఇప్పుడు ఎవురు పిలిచినా వినపడటంలా. నువ్వొక్కసారి పిలువే, వినపడుద్దేమో సూద్దామంటా. ఎన్నేళ్ళ నుంచి అడుగుతుండానో. పిలవదు."

నేను అత్త వైపు చూశాను. "పిలవరాదా అత్తా, అంత అడుగుతుంటే? ఇప్పుడిక భయమేముంది?"

"భయం గాదు అబ్బాయ్" అంది అత్త, గ్లాసు అందుకుంటూ. "అప్పుడంటే ఏట్లో ఉన్నాడు, పిలిచా. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడుగా. పిలవటం దేనికి?"

ఆ పేరు నేను ఇక్కడ రాయకపోవడానికి కారణం అదే. దాన్ని పిలవాల్సిన మనిషి ఒక్కసారి పిలిచింది, అది చాలు.

మామ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "ఏంది, ఏమంటంది?" అన్నాడు.

నేను ఆయన చెవి దగ్గరకు వంగి గట్టిగా అరిచాను. "నువ్వు ఇంట్లోనే ఉన్నావంట మామా!"

"మరి యాడికి పోతా?" అన్నాడు మామ.